క్షౌరవృత్తికి శాస్త్రపరీక్ష వచ్చిన చరిత్ర

అమెరికా సంయుక్తరాష్ట్రములలో కూలి పుచ్చుకొని పరుల తలవెండ్రుకలు కత్తిరింపవలెనన్న చేతిపని తెలిసినంత మాత్రమున చాలదు. ప్రభుత్వమువారి లైసెన్సు ఉండవలెను. లైసెన్సు కావలెనన్న పరీక్షలో నెగ్గవలెను. ఆ పరీక్షకై చదువవలసిన పుస్తకము సామాన్యమైనది కాదు. పుఱ్ఱెయెముకల పేర్లు, చర్మపు పొరలు, వెండ్రుక పుట్టు కుదురు, గోరు పెరుగు విధము, అంటురోగములు, వానిని పుట్టించు సూక్ష్మజీవులు, రంగులలోని రసాయనములు, విద్యుత్తు, కడపట ఆ రాష్ట్రపు చట్టము - ఇవన్నియు అందులో నుండును. కేశములు, చర్మము, గోళ్లు, ఈ మూటి సంస్కారమును కలిపి ఆ దేశమువారు కాస్మెటాలజీ యందురు. ఆ విద్యలోని శాస్త్రభాగమును నెలల తరబడి వల్లెవేసి, ఒక దినమున పరీక్షాశాలలో కూర్చుండి ప్రశ్నలకు జవాబులు గుర్తించి వచ్చినగాని ఆ వృత్తి చేయుటకు హక్కు లేదు.

మన పల్లెలలో ఈ వృత్తి వచ్చినవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి సానమీద కత్తి నూరుటతో మొదలుపెట్టి నేర్చుకొన్నవాడే. అతని పొదిలో కత్తి, కత్తెర, దువ్వెన, గోరుగల్లు ఉండునుగాని పుస్తకముండదు. కావున ఈ సంగతి వినిన పెద్దలకు, వెండ్రుకలు కత్తిరించువానికి ఎముకల పేర్లతో నేమి పని యని సందేహము కలుగుట సహజము. ఆ సందేహమునకు జవాబు నేటి అమెరికాలో లేదు. అందుకై అయిదారు వందల సంవత్సరములు వెనుకకు, ఐరోపాఖండమునకు పోవలెను.

ఆ కాలమున అచ్చట క్షురకుడే శస్త్రవైద్యుడు. విశ్వవిద్యాలయములలో లాటిన్ భాషయందు వైద్యశాస్త్రము చదివిన పండితులు నాడి చూచుటకును మందు చెప్పుటకును మాత్రమే పూనుకొనిరి. రక్తము తాకుట తమ గౌరవమునకు తక్కువ యని తలచిరి. క్రైస్తవ మతాచార్యులలో వైద్యము చేయువారు కొందఱుండిరిగాని, 1215లో రోమునగరమున జరిగిన లాటెరన్ మహాసభ, కోయుటయు కాల్చుటయు గల చికిత్సలను వారు చేయరాదని శాసించెను. ఇక మిగిలినవాడెవడు? చేత పదునైన కత్తి గలవాడు. పుండు కోయుట, పన్ను పీకుట, విఱిగిన యెముకను కట్టుట, రోగికి నెత్తురు తీయుట, అన్నియు క్షురకుని పాలబడెను. నేడును పడమటిదేశములలో క్షౌరశాల ముందు ఎఱుపు తెలుపు చారల కఱ్ఱ కనబడును. ఎఱుపు నెత్తురునకును తెలుపు కట్టుగుడ్డకును గుర్తని చెప్పుదురు.

మనకును ఇది క్రొత్త సంగతి కాదు. తెలుగుదేశపు నాయీబ్రాహ్మణులలో వైద్యము చేసిన కుటుంబములు పెక్కులు గలవు. కురుపులు కోసి కట్టుకట్టినవారు వారే, ఆ యిండ్లలోని స్త్రీలే ఊరికి మంత్రసానులు. పెండ్లిలో సన్నాయి వాయించినవారును వారే. ఇన్ని విద్యలొక్క కులమువారి చేతిలో నుండగా, వానికొక పరీక్ష పెట్టవలెనని గాని, నెగ్గినవానికొక పత్రమీయవలెనని గాని ఎవరికిని తోచలేదు. అందువలన వారి వైద్యమునకు లోకములో పండితుల వైద్యమునకున్న గౌరవము దక్కకపోయెను. ఇది నా అభిప్రాయము. కాదనువారుండవచ్చును.

ఇంగ్లండులో 1540వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ రాజు కాలమందు పార్లమెంటు ఒక చట్టము చేసి, లండను క్షురకుల సంఘమును శస్త్రవైద్యుల సంఘమును ఒక్కటి చేసెను. శరీరమును కోసి చూచి నేర్చుకొనుటకై ఉరితీయబడిన నేరస్థుల శవములను ఏటేట నాలుగింటిని ఆ సంఘమునకిచ్చుటకు ఏర్పాటయ్యెను. సంఘములోనివారు ఆ శరీరశాస్త్రోపన్యాసములకు రావలెను, రానివారు జుల్మానా చెల్లింపవలెను. రాజు ఆ సంఘమువారికి శాసనపత్రమిచ్చుచున్నట్లు హోల్బైన్ అను ప్రసిద్ధ చిత్రకారుడు వ్రాసిన పటము నేటికిని ఉన్నది. అయితే ఆ చట్టములోనే ఒక మెలిక గలదు. క్షౌరము చేయువాడు పన్ను పీకుట తప్ప తక్కిన శస్త్రచికిత్స చేయరాదు, శస్త్రవైద్యుడు క్షౌరము చేయరాదు. ఒక్క కప్పు క్రింద రెండు కాపురములన్నమాట. రెండు వందల యేండ్లు అట్లు గడపి 1745లో వారు వేఱుపడిరి. శస్త్రవైద్యుల సంఘము 1800లో రాజాస్థానపు కళాశాలయై వర్ధిల్లెను. క్షురకునికి కత్తి మిగిలెను, చదువు పోయెను.

అంతకుముందే ఫ్రాన్సు దేశమున అంబ్రాయిజ్ పారే అను నతని విషయములో చేతిపనికిని పుస్తకభాషకును గల పోరాటము ప్రత్యక్షముగా జరిగెను. అతడు 1510 ప్రాంతమున పుట్టి, క్షురకవైద్యుల యొద్ద పని నేర్చి, పారిసు పెద్ద ఆసుపత్రిలో రోగులను చూచి అనుభవము సంపాదించెను. లాటిన్ రాదు. ఇటలీలో యుద్ధము జరుగుచుండగా సేనతో పోయెను. తుపాకిగుండు తగిలిన గాయము విషపూరితమని, దానిని సలసల కాగు నూనెతో కాల్చవలెనని ఆనాటి గ్రంథములు చెప్పుచుండెను. ఒకనాడు నూనె అయిపోయెను. గత్యంతరము లేక పారే గ్రుడ్డుసొన, గులాబితైలము, టర్పెంటైను కలిపి గాయములకు పూసెను. నూనె పోయనివారు చచ్చి యుందురేమోయను భయముతో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదట. తెల్లవాఱి చూడగా వారే సుఖముగానుండిరి. కాగిన నూనె పోయబడినవారు జ్వరముతోను వాపుతోను బాధపడుచుండిరి. అతడీ సంగతిని 1545లో పుస్తకముగా వ్రాసెను. లాటిన్ లో కాదు, జనులు మాటలాడు ఫ్రెంచిభాషలో వ్రాసెను. లాటిన్ రానివానికి స్థానము లేదన్న సాన్ కోమ్ శస్త్రవైద్యకళాశాల తుదకు 1554లో అతనిని తనలో చేర్చుకొనెను. అతడు నలుగురు రాజుల కొలువులో శస్త్రవైద్యుడై 1590లో మరణించెను.

ఇక అమెరికాకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దము తుదినాటికి లూయీ పాశ్చర్, రాబర్టు కోఖ్ అనువారి పరిశోధనలవలన, రోగములను పుట్టించునవి కంటికి కానరాని సూక్ష్మజీవులని లోకమునకు తెలిసెను. అప్పుడు జనుల దృష్టి క్షౌరశాల మీద పడెను. ఒకే కుంచె, ఒకే సబ్బుగిన్నె, ఒకే తువాలు ఉదయమునుండి సాయంకాలము వఱకు పదుగురి ముఖములకు తగులుచుండెను. గడ్డపుకుదుళ్లలో చీముపొక్కులు లేచు రోగమునకు ఇంగ్లీషులో క్షురకుని దురద యనియే పేరు. ఈ భయము పెరుగుచుండగా 1897లో మిన్నెసోటా రాష్ట్రము క్షురకులకు పరీక్షకుల మండలిని ఏర్పఱచి లైసెన్సు చట్టము చేసెను. ఆ దేశమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది. తక్కిన రాష్ట్రములు ఒకదాని వెనుక నొకటి అనుసరించెను.

భయమొక్కటే కారణమని చెప్పిన అది సగము నిజము. 1893లో మోలర్ అను నతడు చికాగో నగరమున క్షౌరవిద్యాలయమును స్థాపించి, కొలది వారములలోనే విద్యార్థులను తయారుచేసి పంపుచుండెను. ఏండ్ల తరబడి శిష్యరికము చేసి పని నేర్చినవారికి ఇది కంటగింపయ్యెను. 1887లో ఏర్పడిన క్షురక కార్మికసంఘమువారు లైసెన్సు చట్టములకై గట్టిగా పాటుపడిరి. పరీక్ష యున్న పోటీ తగ్గును, కూలి నిలుచును.

ఇంకొక కారణము మఱింత చేదైనది. బానిసత్వపు రోజులనుండియు అమెరికాలో శ్రేష్ఠులైన క్షురకులు పెక్కుమంది నల్లజాతివారు. బానిసగా పుట్టిన అలోంజో హెర్న్‌డన్ అట్లాంటా నగరమున గొప్ప క్షౌరశాలలు నడపి, ఆ ధనముతో 1905లో జీవితబీమా కంపెనీని స్థాపించెను. పరీక్షకుల మండలిలో కూర్చుండువారు తెల్లవారగుటచే, ఈ చట్టములు తమను తొలగించుటకేయని నల్లజాతి క్షురకులు భయపడిరి. 1902లో ఒహాయో రాష్ట్రమున ఇట్టి బిల్లు రాగా క్లీవ్‌లండు నగరపు జార్జి మయర్సు అను నల్లజాతి క్షురకుడు దానిని ఎదిర్చి నిలిపివేయుటలో ముఖ్యుడాయెను. ఆ భయము వట్టిది కాదని 1926లో అట్లాంటా నగరసభ ఋజువు చేసెను. నల్లజాతి క్షురకులు తెల్లజాతి స్త్రీలకును పిల్లలకును పని చేయరాదని అది శాసించెను. 1927లో జార్జియా రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము ఆ నిబంధన చెల్లదని కొట్టివేసెను.

స్త్రీల కేశసంస్కారము వేఱు త్రోవను నడచెను. 1906లో కార్ల్ నెస్లర్ అను జర్మను లండను నగరమున వెండ్రుకలకు చిరకాలము నిలుచు వంకీలు తీర్చు పద్ధతిని ప్రదర్శించెను. వెండ్రుకలను లోహపు కడ్డీలకు చుట్టి, క్షారద్రవము పూసి, వేడి చేయవలెను. తరువాత విద్యుద్యంత్రములు వచ్చెను. 1920 తరువాత స్త్రీలు జడలు కత్తిరించి పొట్టిజుట్టు పెట్టుకొనుట మొదలిడగా ఈ వ్యాపారము విరివియయ్యెను. తలమీద విద్యుత్తు, క్షారములు, కొలిమి వంటి వేడి - వీనిని తెలియనిచేతికిచ్చుట ప్రమాదమే. పరీక్షాపుస్తకములోనికి రసాయనమును విద్యుత్తును వచ్చిన త్రోవ యిది.

అన్నిటికంటెను మించిన గుణపాఠము 1933లో వచ్చెను. లాష్ లూర్ అను పేరుతో కనుబొమలకును రెప్పవెండ్రుకలకును పూయు నల్లరంగొకటి అమ్ముడయ్యెను. అందు పారాఫెనిలిన్ డయమిన్ అను పదార్థముండెను. అది సరిపడని స్త్రీలకు కండ్లు వాచి, పుండ్లుపడి, కొందఱికి చూపు పోయెను. ఒకామె మరణించెను. ఆనాటి చట్టము ఆహారమును మందులను గుఱించియే కాని సౌందర్యద్రవ్యములను గుఱించి లేదు, కావున ప్రభుత్వమువారు దానిని పట్టుకొనలేకపోయిరి. 1938లో క్రొత్త చట్టము వచ్చిన పిదపనే దానిని నిలిపిరి. ఆ పదార్థమునే నేటికిని తలరంగులలో వాడుచున్నారు. మన సంతలలో అమ్ము నల్లరంగులలోను పెక్కింటిలో నుండునది అదియే. అందుచేత పరీక్షకు చదువువారందఱును తప్పక నేర్చు పాఠమొకటి గలదు. రంగు వేయుటకు ముందుదినమే చెవి వెనుకగాని మోచేతి మడతలోగాని కొంచెము పూసి ఇరువదినాలుగు గంటలు చూడవలెను. దురదగాని మంటగాని పొక్కుగాని కనబడిన ఆ రంగు ఆ మనిషికి పనికిరాదు. కనుబొమలకును రెప్పలకును తలరంగు ఎన్నడును పూయరాదు. తల నెరసిన మనవంటివారికి పరీక్ష లేకున్నను ఈ పాఠము పనికివచ్చును.

మఱొక పాఠమును గూడ చెప్పవలెను. పరీక్షలో అభ్యర్థులు ఎక్కువగా తడబడునది మూడు మాటల దగ్గఱ. కడిగి మురికి పోగొట్టుట ఒకటి. మందునీటిలో నుంచి సూక్ష్మజీవులలో అధికభాగమును చంపుట రెండవది. బీజరూపమున దాగియుండు మొండిజీవులు సైతము మిగులకుండ ఆవిరి యొత్తిడిచే సమస్తమును చంపుట మూడవది. మొదటిది చేయక రెండవది చేసిన ఫలము లేదు. మురికి చాటున క్రిములు దాగి బ్రతుకును. మందునీటిలో ముంచి వెంటనే తీసినను ఫలము లేదు. సీసామీద వ్రాసినంత సేపు, తఱచుగా పది నిమిషములు, ఆ పనిముట్టు పూర్తిగా మునిగియుండవలెను. మన ఊరి క్షౌరశాలలో మనిషి మనిషికి క్రొత్త బ్లేడు వేయుట యిప్పుడు వాడుకయైనది గాని, దువ్వెనను కత్తెరను గుఱించి అడుగువారు తక్కువ.

ఇంతవఱకు పరీక్షను అడ్డుగోడగానే చూచితిమి. దానినే మెట్టుగా చేసికొన్నవారి కథ యొకటి గలదు.

సారా బ్రీడ్‌లవ్ అను నల్లజాతి స్త్రీ 1867లో లూసియానా రాష్ట్రమున పుట్టి, పొట్టకూటికై బట్టలుతికెను. తరువాత కేశతైలముల వ్యాపారము పెట్టి మేడమ్ సి. జె. వాకర్ అను పేరున ప్రసిద్ధికెక్కెను. 1908లో పిట్స్‌బర్గు నగరమున కేశసంస్కారవిద్యకు కళాశాలను తెఱచి, తనవంటి చాకిరి చేయు స్త్రీలకు ఆ విద్య నేర్పించి పత్రములిచ్చెను. ఆ కంపెనీలోనే తరువాత పనిచేసిన మార్జొరీ జాయ్‌నర్ చికాగోలో మోలర్ విద్యాలయమునందు 1916లో చదువు ముగించిన మొదటి నల్లజాతి స్త్రీ. 1928లో వంకీలు తీర్చు యంత్రమునకు పేటెంటు పొందెను. ఇల్లినాయ్ రాష్ట్రమున సౌందర్యవృత్తికి తొలి చట్టము వ్రాయుటలో 1924లో తోడ్పడెను. 1973లో, తన డెబ్బదియేడవ యేట, కళాశాల పట్టమును పుచ్చుకొనెను.

ఆ లైసెన్సువలన ఆ స్త్రీలకు కలిగిన లాభము డబ్బొక్కటే కాదు. సౌత్ కరోలినా రాష్ట్రమున 1956లో ఒక చట్టము చేసి, నల్లజాతివారి హక్కులకై పనిచేయు జాతీయసంఘములో సభ్యత్వమున్నవారికి ప్రభుత్వోద్యోగము లేదనిరి. నలువది యేండ్లుగా పంతులమ్మయైయుండిన సెప్టిమా క్లార్కు సభ్యత్వము విడువననెను, ఉద్యోగము పోగొట్టుకొనెను. పొలములలోను తెల్లవారి యిండ్లలోను పనిచేయువారి గతి చెప్పనక్కఱలేదు, యజమానుడు కన్నెఱ్ఱజేసిన ఆ పూట కూడు లేదు. కేశసంస్కారము చేయు నల్లజాతి స్త్రీకి మాత్రము అంగడి తనది, లైసెన్సు తనది, వచ్చువారందఱు తనవారు. ఆమెను పనినుండి తీసివేయగల తెల్లదొర లేడు.

ఆ రాష్ట్రమున ఓటరుగా నమోదుకావలెనన్న రాజ్యాంగమునుండి కొంత భాగము చదివి చూపవలెను. అదియొక పరీక్ష. నల్లవారిని ఓటునకు దూరముగా నుంచుటకు ఏర్పడిన పరీక్ష. చార్లస్టను దగ్గఱి జాన్స్ ద్వీపమున ఈసావ్ జెంకిన్స్ అను నతడు, బడి మొగము చూడని పెద్దలకు దీనిని నేర్పవలెనని తలపెట్టెను. బోధించుటకు సెప్టిమా క్లార్కు ఎంచిన మనిషి పంతులమ్మ కాదు. చార్లస్టనులో కేశసంస్కారశాల నడపుచుండిన తన దగ్గఱి చుట్టము బెర్నీస్ రాబిన్‌సన్. తాను ఉపాధ్యాయురాలను కానని ఆమె మొదట సంకోచించెను. 1957వ సంవత్సరము జనవరి 7వ తేదీని, ముందొక దుకాణముంచి దాని వెనుకగదిలో బడి తెఱచిరి. తెల్లవారి కంటబడకుండుటకే ఆ దుకాణము. పదునలుగురు పెద్దలు వచ్చిరి. ఏమి నేర్వగోరుదురని ఆమె వారినే అడిగెను. బైబిలు చదువవలెనని కొందఱు, పరదేశములోనున్న కొడుకునకు ఉత్తరము వ్రాయవలెనని కొందఱు, తపాలా ద్వారా సరకు తెప్పించు కాగితము నింపవలెనని కొందఱు చెప్పిరి. ఆమె అక్కడనుండియే మొదలిడెను. ఎదుట కూర్చున్న మనిషిని మాటలలో పెట్టి, వారి మనసు తెలిసికొని పని చేయుట ఆమెకు వృత్తిచే అలవడినదే కదా. కొలది నెలలలో వారు చదివి, పరీక్షలో నెగ్గి, ఓటర్లయిరి. ఇట్టి బడులు దక్షిణరాష్ట్రములంతట వ్యాపించెను. 1965నాటి ఓటుహక్కు చట్టము ఆ చదువుపరీక్షను నిలిపివేసెను.

వృత్తిపరీక్షయో, అట్లే యున్నది. 1975లో వియత్నాము యుద్ధము ముగిసి కాందిశీకులు కాలిఫోర్నియాకు రాగా, టిప్పీ హెడ్రన్ అను సినిమానటి ఇరువదిమంది స్త్రీలకు గోళ్లసంస్కారము నేర్పించుటకు ఏర్పాటు చేసి లైసెన్సులు వచ్చునట్లు చూచెను. నేడు ఆ దేశమున ఆ వ్యాపారములో అధికభాగము వియత్నాము వారిదే. 1996లో కాలిఫోర్నియావారు ఆ పరీక్షను వియత్నాము భాషలోను పెట్టిరి. మనిషికి పని వచ్చునా రాదా యని చూడవలసిన పరీక్ష ఇంగ్లీషు వచ్చునా యని చూచుట న్యాయము కాదని ఒప్పుకొన్నట్లే.

మన దేశపు విద్య యొకటియు ఈ న్యాయస్థానములకెక్కెను. దారముతో కనుబొమల వెండ్రుకలు తీయుట భారతదేశమునుండి వలసపోయిన స్త్రీలతో అమెరికాకు చేరినది. దానికి కత్తి లేదు, రంగు లేదు, క్షారము లేదు, నూలుపోగు తప్ప వేఱు సాధనము లేదు. అయినను టెక్సాసు ప్రభుత్వమువారు 750 గంటల చదువు చదివి పరీక్ష నెగ్గవలెననిరి. పటేల్ వ్యాజ్యమని పేరుపడిన ఆ దావాలో 2015 జూన్ నెలలో టెక్సాసు ఉన్నతన్యాయస్థానము, ఆ గంటలలో 320 వఱకు ఈ పనితో సంబంధము లేనివని తేల్చి, ఆ నిర్బంధము చెల్లదనెను. అంతకుముందు 1999లో కాలిఫోర్నియాలో ఆఫ్రికాపద్ధతిని జడలు అల్లువారి విషయములోను అట్టి తీర్పే వచ్చెను. తీర్పులు రెండును సరియైనవనియే నా తలపు. క్రిములను గుఱించిన పాఠము అందఱికిని కావలెను. తాను ఎన్నడును ముట్టని రంగుల రసాయనమునకై ఒక బీదస్త్రీ నెలల కూలిని పోగొట్టుకొనవలసిన పని లేదు.

2022 జనవరి మొదటితేదీనుండి కాలిఫోర్నియాలో కాస్మెటాలజీ లైసెన్సునకు చదువు 1600 గంటలనుండి 1000 గంటలకు తగ్గినది. పరీక్షకుల యెదుట చేసి చూపవలసిన ప్రయోగభాగమును తీసివేసిరి. శాస్త్రభాగపు వ్రాతపరీక్ష మాత్రము ఇంగ్లీషు, స్పానిషు, వియత్నాము, కొరియా భాషలలో జరుగుచున్నది.